మందు పలుచనైతే మొండి క్రిములకు మేలు: పాల క్యాన్లు కడిగే రైతులు గమనించాల్సిన విషయం

2008లో కెనడాలోని టొరంటోలో ఒక ఫ్యాక్టరీ మాంసం తిని 57 మంది లిస్టీరియా జబ్బు పాలయ్యారు. వారిలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఫ్యాక్టరీ కడగక కాదు. మాంసం పలుచగా కోసే యంత్రాల లోపలి సందుల్లో, కడిగే మందు సరిగా అందని చోట క్రిమి నిలిచిపోయింది. ఆ క్రిమిని తర్వాత పరిశీలించిన శాస్త్రవేత్తలకు 'ఇఎంఆర్ఇ' అనే జన్యువు కనిపించింది.

మాంసం ఫ్యాక్టరీ సంగతి పాడి రైతుకెందుకు అనుకోవద్దు. లిస్టీరియా మట్టిలో, పేడలో, సరిగా పులియని సైలేజిలో ఉంటుంది. అక్కడి నుంచి పాలలోకి చేరుతుంది, చల్లటి కూలర్‌లోనూ పెరుగుతుంది. గర్భిణులకు సోకితే గర్భస్రావం కావచ్చు.

ఆ జన్యువు చేసే పని బావిలో మోటారు లాంటిదే. కొట్టాలకు, పాత్రలకు వాడే చాలా మందుల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ లోపలికి రాగానే క్రిమి దాన్ని బయటికి తోడేస్తుంది. 'బిసిఆర్ఏబిసి' అనే మరో జన్యు సముదాయమూ ఇదే పని చేస్తుంది. ఇది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉండి ఒక క్రిమి నుంచి మరో క్రిమికి పాకుతుంది. జబ్బు చేయని లిస్టీరియా నుంచి జబ్బు చేసే రకానికి కూడా చేరగలదు.

అయితే మోటారు తోడగలిగేది కొంతే. సాధారణంగా కొన్ని పదుల పీపీఎం లోపు మందునే ఈ క్రిములు తట్టుకుంటాయి. పాత్రలకు వాడే మోతాదు 200 పీపీఎం దాకా ఉంటుంది కాబట్టి సరైన మోతాదు తగిలితే చస్తాయి. చిక్కంతా మందు పలుచనైనప్పుడే. ఖరీదని మూతతో అంచనాగా పోస్తాం. పాల జిడ్డు, సబ్బు నురగ మిగిలిన క్యాన్‌లో పోస్తే మందు బలం అక్కడే సగం పోతుంది. మూలల్లో నిలిచిన మందు నీళ్లలో మామూలు క్రిములు చచ్చి మొండివే మిగులుతాయి. అసలు వాడకపోవడం కన్నా ఇలా వాడటమే ఒక్కోసారి ఎక్కువ చెరుపు.

కాబట్టి పాలు పోసిన వెంటనే క్యాన్‌ను నీటితో కడిగి, సబ్బుతో బ్రష్ పెట్టి రుద్దండి. మూత రబ్బరు కింద తప్పకుండా రుద్దాలి, జిడ్డు పేరుకునేది అక్కడే. సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగాకే లేబుల్‌పై రాసిన మోతాదును కొలిచి పోయాలి, చెప్పినంత సేపు ఉంచాలి. లేబుల్‌లో చెప్పినట్టు చివర మంచి నీటితో తొలిపి, క్యాన్‌ను బోర్లించి ఎండలో ఆరబెట్టండి. మధ్యమధ్యలో మరిగే నీళ్లతో కడగటం మంచిది, వేడిని ఈ మోటారు తోడలేదు. క్లోరిన్ మందు మార్చి వాడేవారు దాన్ని యాసిడ్‌తో గానీ, మరే మందుతో గానీ కలపకండి. విషవాయువు వస్తుంది.