కంపెనీ చేతులు మారినప్పుడు

మన ధర్మపురి జిల్లాలో మంచినీళ్ళ ఫ్లోరైడు సంగతి తెలియని ఇల్లు వుండదు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. ఆ లెక్క తేల్చే పరికరాన్ని ల్యాబుకు తెచ్చి అమ్మేవారిని మాత్రం మనం తలచుకోము. అది సబ్బుబిళ్ళ అమ్మినట్లు అమ్మే సరుకు కాదు. ఏ పరీక్షకు ఏ పరికరం పనికివస్తుందో విడమరచి చెప్పగలిగినవారే దాన్ని అమ్మగలరు. రసాయన శాస్త్రమో ఇంజనీరింగో చదివిన పిల్లలకు ఇదొక గౌరవమైన జీవనోపాధి.

చిక్కేమిటంటే, ఈ కంపెనీలు తరచుగా చేతులు మారుతూ వుంటాయి. 2010లో అమెరికాలో అజిలెంట్ కంపెనీ వేరియన్ కంపెనీని సుమారు 150 కోట్ల డాలర్లకు కొన్నది. ఇద్దరూ కొన్ని ఒకే రకం యంత్రాలు చేస్తున్నందున, పోటీ లేకుండా పోతుందని ప్రభుత్వాలు అభ్యంతరం చెప్పినవి. అందుచేత వేరియన్ వారి కొన్ని శాఖలు బ్రూకర్ కంపెనీకి పోయినవి. వాటిలో లోహాల జాడ కనిపెట్టే యంత్రం 2014లో జర్మనీలోని అనలిటిక్ యేనాకు పోయింది. నాలుగేళ్ళలో యజమానులు ముగ్గురు!

ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరుగుతాయంటారు. ఇక్కడ జరిగేది పోట్లాట కాదు, పెండ్లి. అయినా దెబ్బ లేగలకే. నిన్న తప్పుపట్టిన సరుకును నేడు అదే నోటితో మెచ్చుకోవాలి. ఒక ప్రాంతానికి ఇద్దరు ఉద్యోగులు తేలితే ఒకరు ఎక్కువవుతారు. కమీషను లెక్క మారుతుంది. ఏళ్ళ తరబడి కాలేజీలు, ల్యాబులు తిరిగి సంపాదించుకున్న నమ్మకం ఏ ఖాతాలోనూ జమపడదు.

చట్టం అండ వున్నదా అంటే, కొంతవరకే. వ్యాపారం చేతులు మారితే పాత సర్వీసు తెగకుండా, మునుపటికి తగ్గని షరతులతో కొనసాగించాలి, లేదా పరిహారమివ్వాలి. 1957 సవరణ నాటి ఈ నియమం 2025 నవంబరు 21న అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ వున్నది. కాని అది చట్టం ప్రకారం కార్మికులైన వారికే. సేల్స్ ఇంజనీరుకు సాంకేతిక జ్ఞానమున్నా, ముఖ్యమైన పని అమ్మకమే గనుక కార్మికుడు కాడని 1970లో బర్మా షెల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. క్రొత్త కోడ్ అమ్మకాల ప్రచార ఉద్యోగులను కూడా చేర్చుకున్నది గాని, మేనేజరు పని చేసేవారికి ఆ గొడుగు లేదు.

కాబట్టి మన పిల్లల కంపెనీ అమ్ముడుపోయిందని తెలిస్తే, అమ్మినది షేర్లా, వ్యాపారమా అని మొదట కనుక్కోవాలి. షేర్లే అయితే యజమాని పాత కంపెనీయే. ఉద్యోగపు ఉత్తర్వు అలాగే నిలుస్తుంది. వ్యాపారమే అయితే క్రొత్త ఉత్తర్వు వస్తుంది. సంతకానికి ముందు మూడు సంగతులు కాగితం మీద వ్రాయించుకోవాలి: చేరిన తేదీ పాతదేనా? గ్రాట్యుటీకి పాత ఏళ్ళు కలుస్తాయా? రావలసిన కమీషను ఎవరిస్తారు?

క్రొత్త యజమానులు స్వాగతపు టీ పార్టీ ఇస్తున్నప్పుడు ఇవి అడగడానికి మొగమాటంగానే వుంటుంది. అయినా అప్పుడే అడగాలి. తరువాత అడుగుదామంటే జవాబు చెప్పడానికి పాత యజమాని అక్కడ వుండడు.