చేపకంటె ముందు ఇల్లు

ఇటీవల మన పట్టణములలోను పల్లెలలోను గాజుతొట్టెలయందు చేపలను పెంచు వేడుక ప్రబలుచున్నది. ఈ వేడుకను మేము నిందింపము. ప్రాణిని దగ్గరనుండి చూచుటవలన కలుగు జ్ఞానము పుస్తకపఠనమువలన మాత్రమే కలుగనేరదు. కాని రంగురంగుల చిన్నచేపలతో తృప్తి నొందక, గాలమునకు చిక్కి పెనుగులాడు పెద్దచేపనే యింట నుంచుకొనవలెనని ముచ్చటపడు బాలురును కొందరు గలరు. వారితోను, వారి తలిదండ్రులతోను మేము ఒక్కమాట చెప్పదలచితిమి. చేపను తెచ్చి పిమ్మట తొట్టెను వెదకుట తప్పు. తొట్టెను కట్టి, నీటిని సిద్ధపరచి, ఆ తరువాతనే చేపను తేవలెను. అంత శక్తి లేనివారు ఆ కోరికను మానుకొనుటయే మేలు.

ఉదాహరణమునకు కొర్రమేనును తీసికొందము. మన చెరువులలో దీనిని ఎరుగనివా రెవరు? తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్రచేపగా ప్రకటించినది. కప్పను ఎరగా గ్రుచ్చి గాలము వేయువారు దీని బలమును చక్కగా నెరుగుదురు. దీని యెర్రని పిల్లలు గుంపుగా నీటిపై తేలుచుండగా పెద్దచేప క్రిందనుండి కావలి కాయును. ఆ పిల్ల వ్రేలెడు పొడవున నున్నప్పుడు గాజుసీసాలోనైనను ఇముడును. కాని పెరిగిన కొర్రమేను రెండడుగుల పొడవుండుట కలదు, మూడడుగులవరకును పెరుగవచ్చును. వ్రేలెడు పిల్లను చూచి తొట్టెను కొనువాడు, ఆరునెలల శిశువు కొలతతో జీవితమంతటికిని చొక్కా కుట్టించువానివంటివాడు.

కావున పెరిగిన చేపనుబట్టి ఇంటిని కొలువవలెను. చేప సుఖముగా వెనుకకు మరలవలెనన్నచో తొట్టె వెడల్పు చేప పొడవునకు తక్కువ కారాదు. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉండవలెనని మా అభిప్రాయము. అందు రెండడుగులమేర మాత్రమే నీరు పోయవలెను. పైనున్న అరయడుగు వృథా కాదు. కొర్రమేను మొప్పలతోనేగాక, తలలోని ప్రత్యేకమైన అరలతో గాలినిగూడ పీల్చును. మాటిమాటికి పైకి వచ్చి గాలి పీల్చుకొననియెడల అది నీటిలోనే ఊపిరాడక చచ్చును. చెరువు ఎండినప్పుడు బురదలో అది బ్రతికియుండుటయు ఈ శక్తివలననే. మరియు అది ఎగిరి దూకు జంతువు. కావున గాలి చొరగల బరువైన జాలిమూత తప్పక యుండవలెను.

ఇక బరువు సంగతి. పైకొలతల ప్రకారము నీరు 48 ఘనపుటడుగులు, అనగా సుమారు 1,360 లీటర్లగును. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును గనుక, ఇరువదిమంది పెద్దవారు రాత్రింబగళ్లు ఒక్కచోట నిలిచియున్నంత భారము నేలపై బడును. గాజు, ఇసుకల బరువు దీనిలో చేరలేదు. అట్టి తొట్టెను మేడమీదగాని చెక్కబల్లపైగాని పెట్టరాదు. క్రింది నేలపై గట్టి దిమ్మ కట్టి నిలుపవలెను. గోడలను ఒత్తు నీటిబలము లోతునుబట్టి పెరుగును గనుక, ఎత్తు తగ్గించి వైశాల్యము పెంచుట క్షేమము. మూడుప్రక్కల ఇటుకయు సిమెంటును, ఎదుట మాత్రము దళసరి గాజును అమర్చినచో వ్యయము తగ్గును. అయితే క్రొత్త సిమెంటునుండి సున్నము నీటిలోనికి దిగును. కావున కొన్ని వారములు నీరు నింపుచు, పారబోయుచు నుండవలెను.

కంటికి కానరాని పని ఇంకొకటి గలదు. చేప విడుచు మలినమువలన నీటిలో అమోనియా యను విషము చేరును. ఇసుకలోను వడపోతలోను నివసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిమ్మట అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. ఈ జీవులు స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతకుముందు అద్దమువలె తేటగానున్న నీరైనను చేపకు ప్రాణాంతకము కావచ్చును. ఆ తరువాతను వారమున కొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను. అది 340 లీటర్లు. 15 లీటర్ల బిందెతో ఇరువదిరెండు బిందెలకు పైమాట. కొళాయినీటిలో క్లోరిను ఉండును గనుక ముందునాడే పట్టి నిలువయుంచవలెను. తీసివేసిన నీరు పూలమొక్కలకు మంచి యెరువగును. కాని వేసవిలో ఆ బిందెలను మోయువా రెవరు? అమ్మయా? బాలుడు “నేను” అని చెప్పి, పరీక్షల దినములలోగూడ ఆ మాట నిలుపుకొనగలవాడైననే తండ్రి అనుమతి నీయవలెను.

“ఇంత చింత యేల? చేప పెద్దదైనప్పుడు చెరువులో విడిచెదము” అని కొందరందురు. దీనికి అమెరికాలో జరిగిన సంగతియే ప్రత్యుత్తరము. మేరీలాండు రాష్ట్రమున క్రాఫ్టను అను ఊరిలో ఒకడు ఆహారమునకై తెప్పించిన రెండు చేపలను తొట్టెలో పెంచి, పోషింపజాలక కుంటలో విడిచెను. అవి మన కొర్రమేనుకు దాయాదులగు చైనాదేశపు చేపలు. 2002లో ఆ కుంటలో వాని పిల్లలు వందలకొలది కనబడెను. ప్రభుత్వమువారు కుంటలో మందు కలిపి అందలి చేపల నన్నిటిని చంపవలసివచ్చెను. ఆ సంవత్సరమే ఆ జాతిచేపల దిగుమతిని నిషేధించిరి. మనదేశమునందును, 2023లో శ్రీనగరమునందలి దాల్ సరస్సులో అమెరికాదేశపు మొసలిమూతి చేప యొకటి దొరకెను. కొర్రమేను మన చేపయే గదా యనిన, తొట్టెలో సోకిన రోగమును అది చెరువునకు మోసికొనిపోవచ్చును. ఒకని బద్ధకమునకు ఊరిచెరువు మూల్యము చెల్లింపరాదు.

అట్లని ఈ విద్యను విడువుమని మేము చెప్పుటలేదు. ఇంటింటను పెద్దచేప ఉండనక్కరలేదు. ఇండ్లలో చిన్నతొట్టెయందు చిన్నచేపలను పెంచి, నీటిని కాపాడు అభ్యాసము ముందుగా సంపాదింపవచ్చును. పెద్దతొట్టె పాఠశాలకు ఒక్కటి చాలును. అందు ఒక్క కొర్రమేనును పెంచి, తరగతివారు వంతులవారీగా నీరు మార్చుచు, మేత వేయుచు, దినచర్య వ్రాయుచు నుండినయెడల, ఒకరికి మోయరాని భారము నూరుగురికి తేలిక యగును. సెలవులలో దానిని కనిపెట్టువా రెవరో కూడ ముందే నిర్ణయింపవలెను. ఉపాధ్యాయులును తలిదండ్రులును ఈ విషయమును ఆలోచింతురుగాక యని కోరుచున్నాము.