నీడలేని పౌరులు

ఏ పట్టణముయొక్క ధర్మమునైనను తెలిసికొనగోరువారు రెండుజాముల రాత్రి దాటిన పిమ్మట దాని వీథులను చూడవలయును. రైలుస్టేషను ముంగిట, బస్సుల నిలయమునందు, పైవంతెనల క్రింద, మూసిన అంగళ్ల మెట్లపైన, దేవాలయ ప్రాకారముల ప్రక్కను వరుసలుగా పరుండియున్న మనుష్యులు అపుడు కానవచ్చెదరు. తెల్లవారిన వెంటనే వారు తమ మూటలు సర్దుకొని జనసమూహమున కలిసిపోవుదురు. మనము వారిని చూడకపోలేదు; చూచియు మన యూరివారిలో జమకట్టలేదు.

ప్రభుత్వము వారిని ఒక రాత్రి లెక్కించినది. 2011 ఫిబ్రవరి 28వ తేది రాత్రి జనాభా లెక్కల యుద్యోగులు ఆరుబయట నిద్రించువారిని లెక్కింపగా దేశమంతటను 17 లక్షల 73 వేలమంది తేలిరి. వీరిలో సగమునకు మించినవారు పట్టణవాసులు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వీరి సంఖ్య లక్షా నలుబదివేలకు పైబడియుండెను. చీకటి మూలల నొదిగియున్న స్త్రీలును, పోలీసుల లాఠీకి వెరచి దాగినవారును ఒక్క రాత్రి లెక్కలో సంపూర్ణముగా చేరియుందురని నమ్మజాలము. 2021లో జరుగవలసిన లెక్కలు ఆ యేట జరుగలేదు.

వీరెవరు? సోమరులనియు, త్రాగుబోతులనియు, భిక్షుకులనియు మనలో ననేకులు విచారణ లేకయే తీర్పు చెప్పుదురు. వేకువను మార్కెట్టులో లారీలనుండి బస్తాలు దించు హమాలీ వీరిలో నున్నాడు. పెండ్లివిందున మనకు వడ్డించి, నడిరేయి గంగాళములు తోమి, కూలి డబ్బులు మొలను దోపుకొని కాలిబాటపై మేను వాల్చినవాడు వీరిలో నున్నాడు. మన మేడలకు సిమెంటు మోసినవారున్నారు. కొడుకులు వెడలనంపిన ముసలితల్లియు, మగని దెబ్బలకోర్వలేక బిడ్డతో వెలువడిన యిల్లాలును, మతి చలించి యింటిదారి మరచినవాడును కలరు. హైదరాబాదున ఉస్మానియా, నిలోఫరు ఆసుపత్రులకు దూరపు జిల్లాలనుండి రోగులను తెచ్చి, లోపల చోటులేక వెలుపల రాత్రులు గడపు బంధువులును కలరు. కూలిచేయువారికి కొరత పనియందు లేదు. పనిచేసిన దేహమును వాల్చుటకు చోటునందు కలదు.

మన పూర్వులు ఈ ధర్మము నెరుగనివారు కారు. వీథియరుగు బాటసారి నడుము వాల్చుటకును పనికివచ్చెడిది. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికిని అన్నముపెట్టి కోనసీమకు కీర్తి తెచ్చిరి. అయినను పూర్వకాలమునంతటిని పొగడుట న్యాయము కాదు. ఆ యరుగుపై నందరికిని చోటు లేకుండెను. అనేక సత్రములు కులమడుగక తలుపు తెరువలేదు. ఆ దోషమును విడిచి ఆ దయను నిలుపుకొనవలసిన మనము దయనే విడిచితిమి. అరుగులు పోయి యినుపగేట్లు వచ్చినవి.

నేడు ఈ దయ చట్టపు విధి కూడ నైనది. 2013లో కేంద్రప్రభుత్వ మారంభించిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకపు నియమములయందు లక్ష జనాభాకు కనీసము నూరుగురికి చాలిన శాశ్వతాశ్రయము నిర్మింపవలయుననియు, మనిషికి 50 చదరపు అడుగుల చోటుండవలయుననియు, అది ఏడాది పొడవునను రాత్రింబవళ్లు తెరచియుండవలయుననియు వ్రాయబడెను. ధనమున్నను పనులు సరిగా సాగకపోవుటచే 2016లో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాస్ గంభీర్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమింపవలసివచ్చెను. ఆ నియమము ప్రకారము అయిదులక్షల జనాభాగల పట్టణమున అయిదువందల మందికి చోటుండవలయును. పాఠకులారా! మీ పట్టణమున నెందరికి కలదు? ఈ ప్రశ్న మీరు పురపాలక సంఘము నెన్నడైన నడిగితిరా?

ఆశ్రయమిచ్చినను వారు రారని కొందరు వాదింతురు. ఏల రారో ఆ వాదులు విచారింపరు. మార్కెట్టున మూడు గంటలకే పనికెక్కవలసిన హమాలీకి ఊరి చివర కట్టిన ఆశ్రయ మేమి యుపయోగము? భార్యాబిడ్డలను వేరుచేసి పురుషునొక్కనినే లోనికి రానిచ్చు చోటికి కుటుంబీకు డెట్లు వచ్చును? మూట దాచుకొనుటకు పెట్టెయు, స్నానమునకు నీరును, స్త్రీలకు గడియగల గదియు లేనిచోట కాలిబాటయే మేలని తోచుట వింతకాదు. పనిచేయు చోటికి చేరువనే ఆశ్రయము కట్టవలయునని పై నియమములు చెప్పినది ఇందులకే.

ఇక మన దానముల సంగతి. డిసెంబరు రాగానే సంఘములవారు దుప్పట్లతో బయలుదేరుదురు. ఛాయాచిత్రములు పత్రికలకు వచ్చును. దుప్పటిని మేము నిందింపము. చలిలో అది ప్రాణము నిలుపును. కాని తెలుగుదేశమున ఎండ చలికంటె క్రూరమైనది. 2015 మేనెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా మృతినొందిరి. వారిలో కూలీలును, వృద్ధులును, నీడలేని వారును ననేకులు. నాటి మధ్యాహ్నము వారికి కావలసినది పైకప్పును, కుండెడు నీళ్లును. రాత్రి తెరచి ఉదయము వెడలగొట్టు ఆశ్రయము ఈ దేశపు ఎండకు తగినది కాదు.

దయలేనిచోట దండన ప్రవేశించును. 2017 నవంబరున హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగుటకు ముందు నగరమున భిక్షాటనము నిషేధింపబడెను. అనేకులు చెంచల్‌గూడ కారాగారపు ఆవరణలోని పునరావాస కేంద్రమునకు తరలింపబడిరి. అందు అన్నమును వైద్యమును లభించియుండవచ్చును. కాని అతిథుల కంటబడకుండ ఊరివారినే ఊరినుండి తొలగించుట ఎట్టి మర్యాద? మరుసటి యేడు, 2018 ఆగస్టున, ఢిల్లీ హైకోర్టు భిక్షాటనమును నేరముగా నెంచు చట్టపు భాగములను ఆ నగరమున చెల్లవని కొట్టివేసెను. మతిచలించి తిరుగువారిని లాకప్పునందుంచక, ఇరువదినాలుగు గంటలలో ప్రభుత్వ వైద్యాలయమునకు చేర్చవలయునని 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పోలీసులను శాసించుచున్నది. బీదరికము నేరము కాదని న్యాయస్థానములు చెప్పవలసి వచ్చినందుకు నాగరికులమగు మనము తలవంచుకొనవలయును.

ఇది మనకు మించిన పని యనుట సరికాదు. 2020లో మహమ్మారి భయముచే దేశము స్తంభించినప్పుడు పాఠశాలలు కొన్నిదినములలో ఆశ్రయములైనవి, వంటశాలలు వెలసినవి. వ్యాధి తమకు సోకునను భయము చేయించిన పనిని, తోడిమనుష్యుడను తలంపు చేయింపలేదా?

చేయదగిన పని మన పఠనమందిరములనుండియే ఆరంభింపవచ్చును. ఇల్లులేనివానికిని ఓటుహక్కు కలదు. అతడు తాను నిద్రించు చోటునే చిరునామాగా వ్రాసి ఇయ్యవచ్చును, నివాసపత్రము చూపనక్కరలేదు. ఎన్నికల యుద్యోగి రాత్రివేళ వచ్చి, అతడు నిజముగా నచ్చట నిద్రించుచున్నాడని చూచిన చాలును. ఈ సంగతి కాలిబాటపైనున్న వారిలో నెందరికి తెలియును? చదువువచ్చిన పదిమంది యువకులు నెలకొక రాత్రి తమ వార్డున తిరిగి, వారి పేరు లడిగి, ఆ పత్రములు నింపి యిచ్చిన ఎంత మేలు! ఆసుపత్రి చీటీకి, వృద్ధాప్యపు పింఛనుకు వారితోకూడ నొకరు పోయి నిలిచిన నెన్ని తలుపులు తెరువబడును! అటుపైని ఆ పట్టికను చేతబట్టుకొని పురపాలక సంఘమువారిని చోటడుగుడు. పేరులేని గుంపును త్రోసిపుచ్చుట సులభము. పేర్లును, చోట్లును, ఓట్లును గల పౌరులను త్రోసిపుచ్చుట కష్టము.

స్వరాజ్యము ప్రతివానికిని ఒక ఓటు నిచ్చినది. ఆ ఓటరు కాలుచాపుకొని నిద్రించుటకు ఆరడుగుల నీడ చూపుట పట్టణముల విధి. పట్టణమనగా మనమే. ఈ వేసవి ముదురకమునుపే మీ వార్డున లెక్క ఆరంభమగుగాక!