బంగారం సరే, ఆ 66 మంది మాటేమిటి?



బొంబాయి రేవు పేలుడుపై మీ గత సంచికలోని వ్యాసం ఆసాంతం చదివించింది. కానీ సగం జాగా ఫోర్ట్ స్టికీన్ ఓడలోని బంగారు కడ్డీలకే పోయింది. మంటలార్పబోయి ప్రాణాలు విడిచిన అగ్నిమాపక సిబ్బందికి దక్కింది ఒక్క వాక్యం. ఇదేం న్యాయం?

1944 ఏప్రిల్ 14 మధ్యాహ్నం విక్టోరియా డాక్‌లో ఆ ఓడ అంటుకుంది. పత్తి బేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి అందులో. ఓడను సముద్రంలోకి పంపాలా, ఉన్నచోటే ముంచాలా అని అధికారులు తర్జనభర్జన పడుతుంటే, అగ్నిమాపక సిబ్బంది గొట్టాలు వదల్లేదు. కొట్టిన నీళ్లు ఓడలోనే సలసల కాగాయి. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది. 66 మంది ఫైర్‌మెన్ నేలకొరిగారు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన ఫైర్ స్టేషన్లలోనూ జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల స్మృత్యర్థమే. ఆ ముక్క వ్యాసకర్త రాయనేలేదు. కరపత్రాలు, మాక్ డ్రిల్లుల తంతేగా అని తీసిపారేసేవాళ్లు తమ అపార్ట్‌మెంట్ మెట్లు ఒకసారి చూసుకోవాలి. పాత మంచాలు, సిలిండర్లు, చెప్పుల స్టాండ్లు! పొగలో ఆ మెట్లెక్కేవాడికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లుంటారు.

వచ్చే ఏప్రిల్ సంచికలోనైనా, విధి నిర్వహణలో అసువులు బాసిన మన రెండు తెలుగు రాష్ట్రాల అగ్నిమాపక సిబ్బంది గురించి ఒక పేజీ కేటాయించాలని మనవి.

– ఒక పాఠకుడు, కాకినాడ