మీరు ఏ టైపు?

ఈ మధ్య కుర్రకారు ‘మీరు ఏ టైపు?’ అని అడిగితే బ్లడ్ గ్రూపు చెప్పకండి. వాళ్లకి కావలసింది ఐఎన్ఎఫ్‌పీ, ఈఎస్‌టీజే లాంటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. మైయర్స్-బ్రిగ్స్ టెస్టు అంటారు. మొత్తం 16 టైపులు. వాటిలో ఏదో ఒక గదిలో మీరు ఇమిడి తీరాలి.

దీని పుట్టుక భలే చిత్రం. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో మనుషుల స్వభావాల మీద ఓ పుస్తకం రాశాడు. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మైయర్స్ ఆ ఆలోచనల్ని పట్టుకుని ఈ టెస్టు తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీలో శిక్షణ పొందినవాళ్లు కారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎవరికి ఏ పని నప్పుతుందో చెబుదామనుకున్నారు. ఉద్దేశం మంచిదే, కాదనను.

చిక్కంతా గీత గీయడంలోనే ఉంది. కలుపుగోలుతనం కూడా మనిషి ఎత్తు లాంటిదే. మరీ పొట్టి, మరీ పొడుగు కొద్దిమందే, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. అయిదడుగుల అయిదంగుళాల దగ్గర గీత గీసేసి ఇటు పొట్టి, అటు పొడుగు అంటే ఎలా? పావంగుళం తేడా ఉన్న ఇద్దరు వేరే వేరే జాతులైపోతారు! అందుకే కొన్ని వారాలాగి మళ్లీ టెస్టు రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది.

సరదాకి రాసుకుంటే గొడవ లేదు. మా ఆడపడుచు కూతురికి మాత్రం ఆఫీసులో రాయించి, ‘నువ్వు ఇంట్రావర్ట్, టీమ్ లీడ్‌గా పనికిరావు’ అన్నారట. నాలుగేళ్లుగా కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పుతున్నది ఆ పిల్లే! నాకు ఒళ్లు మండింది. ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచడానికి దీన్ని వాడొద్దని ఆ టెస్టు అమ్మే కంపెనీయే చెబుతోంది మరి.

‘కానీ అత్తయ్యా, రిపోర్టులో రాసిందంతా అచ్చం నా గురించే’ అంది. ఫోరర్ సంగతి చెప్పాను. 1948లో ఆ సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి టెస్టు పెట్టి, తలా ఒక రిపోర్టు ఇచ్చాడు. మీకెంత సరిపోయిందో మార్కులు వేయమంటే సగటున అయిదుకి 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులో వాక్యాలు చాలావరకు బజార్లో కొన్న జ్యోతిషం పుస్తకంలోవి.

పరిశోధకులు ఎక్కువగా వాడేది ‘బిగ్ ఫైవ్’. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, ఆందోళన పడే స్వభావం అని అయిదు కొలతలు. ఇందులో గదులుండవు, ఏది మీలో ఎంత అన్నదే లెక్క. అయితే ఇదీ మన గురించి మనం చెప్పుకునేదే. ప్రమోషన్ కోసం రాస్తూ ‘నేను బద్ధకస్తుణ్ణి’ అని ఎవరు టిక్కు పెడతారు చెప్పండి?

నువ్వు పని నేర్పినవాళ్ల పేర్లు, వాళ్లిప్పుడు చేస్తున్న పనులు ఒక కాగితం మీద రాసి మేనేజరుకివ్వమన్నాను. పదకొండు మంది తేలారు. సోమవారం పట్టుకెళ్తానంది.