ఏ ‘ఎందరో’ వినాలి?

‘ఎందరో మహానుభావులు’ కీర్తన ఒక్కటే. రికార్డులు మాత్రం ఎన్నో! సెల్‌ఫోనులో ఆ పేరు కొట్టి చూడండి. గాత్రం, వీణ, వయొలిను, నాగస్వరం, బృందగానం అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. “వీటిలో ఏది మంచిదండీ?” అని అడిగేవారికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: “వినేదెవరండీ?”

పాట బాగుండడం వేరు, రికార్డు బాగుండడం వేరు. ఎంతటి విద్వాంసుడు పాడినా, మైకు తగినచోట లేకపోతే ఆ పాట మృదంగం కింద నలిగిపోతుంది.

త్యాగరాజస్వామి (1767–1847) పంచరత్నాలలో శ్రీరాగ కృతి ఇది. పల్లవి, అనుపల్లవి అయిన తరువాత పది చరణాలు. వెనకటి 78 తిరుగుళ్ళ పదంగుళాల గ్రామఫోను ప్లేటులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. 1948లో లాంగ్‌ప్లే వచ్చిన తరువాత ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది. ఇంత పెద్ద కృతికి ఊపిరాడింది. కనుక పాత ప్లేటులో చరణాలు తగ్గితే పాడినవారిని తప్పుపట్టకండి. చోటు చాలలేదు, అంతే.

పాత ప్లేట్లను ఇప్పుడు శుభ్రం చేసి వినిపిస్తున్నారు. గరగర తీసెయ్యబోయి ఒక్కొక్కప్పుడు గొంతులోని మెరుపును కూడా తీసేస్తారు. కాస్త గరగర ఉన్నా కంఠం నిండుగా వినిపించేదే మేలు. గొంతు సన్నబడి పాట పరుగెత్తుతున్నట్లుంటే, ప్లేటును వేగంగా తిప్పారేమోనని అనుమానించండి.

మా కొత్తపట్నంలో రిటైరయిన మాస్టారొకరున్నారు. ఎనభై దాటాయి. పంచరత్నాలు ఆయనకు కంఠస్థం. అటువంటి మనిషి కొన్నాళ్ళుగా పాట పెడితే చాలు, “ఆ గోల ఆపమ్మా” అంటున్నారట. “నాన్నగారికి త్యాగరాజస్వామి మీద కూడా విరక్తి పుట్టిందేమో బాబాయిగారూ!” అని వాళ్ళమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

విరక్తి కాదు, వయస్సు. చెవి మందగించేటప్పుడు సాధారణంగా సన్నని ధ్వనులు ముందు పోతాయి. స, ష, త వంటి హల్లులు చెరిగిపోతాయి. అచ్చులు, మృదంగం గుంకారం మిగులుతాయి. శబ్దం పెంచితే ఆ మిగిలినదే పెరుగుతుంది. అదే ఆయనకు గోల! పైగా అమ్మాయి పెడుతున్నది బృందగానం. ఫ్యాను హోరొకటి, కిటికీలోంచి సముద్రపు గాలి ఒకటి.

ఫ్యాను ఆపించాను. స్పీకరు ఆయన ముందు బల్లమీద పెట్టించాను. బృందగానం తీసేసి బాలమురళీకృష్ణగారు (1930–2016) ఒక్కరే పాడినది పెట్టించాను. వారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు; నోట్లో తెలుగుమాట చెక్కుచెదరదు. మాస్టారు కాసేపు తలవంచుకొని విన్నారు. మూడవ చరణం దగ్గర చెయ్యెత్తి, “మళ్ళీ పెట్టమ్మా” అన్నారు. అమ్మాయి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

నాగస్వరానికి లెక్క వేరు. అది వీధికీ, గుడికీ పుట్టిన వాద్యం; మైకు మరీ దగ్గరగా పెడితే చెవిలో గుచ్చుకుంటుంది. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయిన షేక్ చినమౌలానాగారి నాగస్వరం వినాలనుకుంటే, చుట్టూ కాస్త గాలి ఉన్నట్లు వినిపించే రికార్డు ఎంచుకోండి.

గాత్రమైతే మూడు గమనించండి: శబ్దం పెంచకుండానే మాట తెలియాలి; విరామాలలో తంబుర వినపడాలి; మృదంగం సాహిత్యాన్ని మింగకూడదు. ఆపైన ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి, మూడు రికార్డులు తలా ఒక నిమిషం వినిపించండి. దేన్ని ఆపవద్దంటారో అదే మీ ఇంటికి మంచి రికార్డు.