కరెంటు లెక్క చెప్పే మనిషి ఊరికొకరు కావాలి

తుమ్మలపల్లె: మొన్నటి వేసవిలో మా ఊరి అవ్వ ఒకామె కరెంటు బిల్లు చేతబట్టుకుని రచ్చకట్ట దగ్గరకు వచ్చింది. "ఒంటి మనిషిని నాయనా. రెండు లైట్లు, ఒక ఫ్యాను, కొడుకు ఇచ్చిపోయిన పాత ఫ్రిజ్జి. ఇంత బిల్లు యాడ నుంచి వచ్చె?" అని అడిగింది. బిల్లులో 130 యూనిట్లు ఉన్నాయి. కట్ట మీద కూర్చున్న వారు తలా ఒక మాట చెప్పారు. మీటరు గిర్రున తిరుగుతోందని ఒకరు, పక్కింటి వాళ్లు తీగ తగిలించి ఉంటారని ఒకరు, రీడింగు తప్పు రాశారని ఇంకొకరు అన్నారు. వీరిలో ఏ ఒక్కరూ ఆమె ఇంటికి వెళ్లి చూసిన వారు కారు.

అంతకు ముందే ఆ అవ్వ సంతలో ఒకడి మాట నమ్మి 1500 రూపాయలు పెట్టి ఒక చిన్న పెట్టె కొన్నది. ప్లగ్గులో గుచ్చితే చాలు, బిల్లు సగానికి సగం తగ్గుతుందని వాడు చెప్పాడట. ఇలాంటి పెట్టెల్లో సాధారణంగా ఉండేది ఒక కెపాసిటరు, ఒక పచ్చ లైటు. ఫ్యాక్టరీల్లో కెపాసిటరుకు పని ఉంది. ఇంటి మీటరు మాత్రం ఖర్చయిన యూనిట్లనే లెక్కిస్తుంది కనుక ఆ పెట్టె వల్ల ఇంటి బిల్లులో పైసా తగ్గదు. పైగా ఆ పచ్చ లైటుకు అయ్యే కరెంటు అదనం. ఈ సంగతి అవ్వకు చెప్పేవారు ఆ రోజు సంతలో లేరు.

ఐటీఐలో ఎలక్ట్రీషియను కోర్సు చదివి ఊళ్లోనే వైరింగు పనులు చేసుకునే కుర్రవాడొకడు ఈ విలేకరితో కలిసి అవ్వ ఇంటికి వచ్చాడు. ముందు ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపించి, మీటరు మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటును చూశాడు. అన్నీ ఆపినా ఆ లైటు మినుకుతూ ఉంటే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. మినుకలేదు. అంటే వైరింగులో దోషం లేదు. ఆ రాత్రి అవ్వ మిద్దె మీద పడుకుంది. ఫ్రిజ్జి ఒక్కటే నడిచేలా ఉంచి, రాత్రీ పొద్దునా రీడింగు రాసుకున్నాడు. ఆ లెక్కన ఫ్రిజ్జి ఒక్కటే రోజుకు రెండు యూనిట్ల పైన తింటోంది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే ఇట్టే వచ్చేసింది. తలుపు రబ్బరు అరిగిపోయిందన్నమాట. అది చాలదన్నట్టు ఫ్రిజ్జిని పొయ్యి పక్కనే గోడకు ఆనించి పెట్టారు. లోపలి వేడిని బయటికి పంపేందుకు దానికి చోటు లేదు. రబ్బరు మార్పించి, గోడకు జానెడు ఎడంగా జరిపి పెట్టారు. ఫ్యాను కూడా పాతదే కనుక దాన్ని మార్చారు. రెండు నెలలు తిరిగేసరికి యూనిట్లు 70కి దిగివచ్చాయి.

ఇందులో గమనించవలసిన లెక్క ఒకటుంది. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, ఆ పైన 225 వరకు 6 రూపాయలు. ఈ చొప్పున 130 యూనిట్లకు 447 రూపాయలు అవుతుంది. 70 యూనిట్లకు 177 రూపాయలే. ఇతర చార్జీలు వేరు. అంటే యూనిట్లు సగం కూడా తగ్గలేదు గానీ డబ్బు సగానికి పైగా తగ్గింది. పై మెట్టు మీద ఉన్న యూనిట్టే అన్నిటి కంటే ఖరీదైనది. నెలకు 270 రూపాయలు పట్నంలో ఉద్యోగస్తునికి లెక్కలోకి రాకపోవచ్చు. పింఛను మీద బతికే ఒంటి ముసలామెకు అది కందిపప్పు, నూనె.

ఈ కుర్రవాని దగ్గర ఒక్క సర్టిఫికెట్టూ లేదు. పెట్టె అమ్మినవాని దగ్గర రంగు రంగుల కరపత్రం ఉంది. రేపు ఇంకో ఇంట్లో ఇద్దరూ ఎదురుపడితే జనం ఎవరి మాట నమ్ముతారు? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

చట్టం ఉంది, ఇంటికి రాలేదు

మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ ఏర్పడింది. ఫ్రిజ్జిల మీద, ఏసీల మీద మనం చూసే నక్షత్రాల చీటీ ఆ బ్యూరో వేయించినదే. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకూ ఆ చీటీ తప్పనిసరి అయింది. ఎనర్జీ ఆడిటర్లకు, అంటే ఇంధన వినియోగాన్ని తనిఖీ చేసి లెక్క చెప్పేవారికి, ఆ బ్యూరో జాతీయ స్థాయి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇస్తుంది. అయితే ఆ పరీక్ష ఇంజనీరింగు చదివి కొన్నేళ్ల అనుభవం గడించిన వారి కోసం. వారు తనిఖీ చేసేది సిమెంటు, ఇనుము, థర్మల్ విద్యుత్ వంటి పెద్ద పరిశ్రమలను, పెద్ద కట్టడాలను. అది అవసరమే. కాదనము. ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చారు. అదీ 500 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టే నివాస భవనాలను ఉద్దేశించినది. మా ఊళ్లో అంత స్థలంలో ఇల్లు కట్టేవారు ఎందరున్నారు?

పై దేశాల సంగతి చూద్దాం. ఇంగ్లండు, వేల్సులలో 2007 నుంచి ఇల్లు అమ్మాలంటే ఆ ఇల్లు ఎంత ఇంధనం తింటుందో చెప్పే పత్రం చూపించాలి. ఆ పత్రం రాసేందుకు శిక్షణ పొంది, గుర్తింపు తెచ్చుకున్న మనుషులు ఉన్నారు. అమెరికాలో 1995లో ఏర్పడిన రెస్‌నెట్ అనే సంస్థ ఇళ్లకు అంకె వేసేవారిని తయారు చేస్తుంది. వారి లెక్కలో 100 అంటే ఒక మాదిరి కొత్త ఇల్లు. అంకె తగ్గేకొద్దీ ఇల్లు మంచిది. సున్నా అంటే తనకు కావలసినంత ఇంధనం తానే పుట్టించుకునే ఇల్లు. అక్కడి బాధ చలి. మన బాధ ఎండ. వారి పుస్తకాన్ని తెచ్చి ఇక్కడ చదివితే పనికి రాదు గానీ, ఇంటింటికీ లెక్క చెప్పే మనిషి ఉండాలన్న ఆలోచన మనకూ పనికివస్తుంది.

పేరు ఉంది, పని లేదు

మన రాష్ట్రంలో ఇందుకు కొత్తగా కొలువు సృష్టించవలసిన పని కూడా లేదు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 ఉద్యోగులను నియమించి, వారికి ఎనర్జీ అసిస్టెంట్లు అని పేరు పెట్టారు. వారు ఐటీఐ చదివి, స్తంభం ఎక్కే పరీక్ష కూడా నెగ్గి వచ్చిన యువకులు. పేరేమో ఎనర్జీ అసిస్టెంటు. పనేమో స్తంభాలు, తీగలు, ఫ్యూజులు. గాలివానకు తీగ తెగితే అర్ధరాత్రి పరిగెత్తేది వారే. అందులో వారి తప్పు ఏమీ లేదు. ఇంటి లెక్క చూడడం ఎలాగో వారికి నేర్పి, అందుకు వారానికి ఒక పూట కేటాయిస్తే ఆ పేరు సార్థకమవుతుంది.

వారికి పని భారం ఎక్కువైతే ఊళ్లో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాళ్లు ఉన్నారు. పొదుపు సంఘాల్లో లెక్కలు రాసే ఆడపడుచులు ఉన్నారు. వంటింట్లోకి వెళ్లి పొయ్యీ ఫ్రిజ్జీ చూడాలంటే ఆడవారికే సులువు. సోలారు పలకలు బిగించే పని నేర్పేందుకు కేంద్ర ప్రభుత్వం సూర్యమిత్ర పేరుతో 2015 నుంచి శిక్షణ ఇప్పించింది. బిగించడం నేర్పినప్పుడు, లెక్క చూడడం నేర్పలేమా?

ఏం నేర్పాలి?

ఈ చదువుకు ఏళ్లు పట్టనవసరం లేదు. మీటరు చదవడం, బిల్లులోని మెట్లు విప్పి చెప్పడం మొదటి పాఠం. ఏ వస్తువు ఎంత తింటుందో కొలవడం రెండవది. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ అనే కొత్త రకం ఫ్యాను 30 వాట్ల చిల్లరతో తిరుగుతుంది. దానికి 14, 15 యూనిట్లు చాలు. ఈ లెక్క నోటితో చెబితే నమ్మరు. మీటరు ముందు నిలబెట్టి చూపిస్తే నమ్ముతారు.

మూడవది ఇల్లు. మన పెద్దలు కట్టిన చవుడు మిద్దెలు మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేవి. మందపాటి గోడ, పైన మట్టి, ఎండను లోపలికి రానిచ్చేవి కావు. ఇప్పుడు అందరివీ సిమెంటు స్లాబులు. పగలంతా కాగి, రాత్రి పన్నెండు దాకా సెగ కక్కుతుంటాయి. ఆ సెగకు ఫ్యాను, కూలరు, ఇప్పుడిప్పుడే ఏసీ. స్లాబు మీద తెల్ల సున్నం దట్టంగా పూస్తే లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం అని ఒకటి ప్రకటించింది. ఎండలు 44, 45 డిగ్రీలు కాసే రాయలసీమకు ఆ ఆలోచన అంతకంటే ఎక్కువ అవసరం.

నాలుగవది ఎర్తింగు. లెక్క చూసేందుకు ఇంట్లోకి వచ్చిన మనిషి ఎర్తు తీగ ఉందా, దాని గుంతలో తడి ఉందా చూడాలి. నీళ్లు కాచే రాడ్డు బకెట్టులో ఉండగా చెయ్యి పెట్టి ప్రాణం మీదకు తెచ్చుకునే వారు ఉన్నారు. ఇక్కడ మిగిలేది రూపాయి కాదు, మనిషి.

అయిదవది సోలారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడింటికి, ఆ పైన 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. పథకం మంచిది. అయితే ఒక కిలోవాటు పలకలు ఎండ బాగా ఉంటే రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, నెలకు 120 ఇస్తాయి. నెలకు 70 యూనిట్లు వాడే ఇంటికి మూడు కిలోవాట్లు ఎందుకు? అమ్మేవాడు ఈ ప్రశ్న వేయడు. బ్యాంకు అప్పు మాత్రం ఇంటాయన పేరు మీదనే ఉంటుంది. ముందు లెక్క, తరువాత పలక. ఈ వరుస తిరగబడకూడదు.

సర్టిఫికెట్టు కాగితం కారాదు

శిక్షణ పేరుతో మూడు రోజులు కూర్చోబెట్టి, ఫొటో తీసి, కాగితం చేతికిచ్చి పంపితే అంతకంటే నష్టం లేదు. జనం ఒకసారి మోసపోతే మళ్లీ నమ్మరు. అందుచేత కొన్ని కట్టుబాట్లు ఉండాలి. పరీక్ష గదిలో కాక నిజమైన ఇంట్లో జరగాలి. నెగ్గిన వారి పేరు, నెంబరు సచివాలయం గోడ మీద రాసి ఉండాలి. కొన్నేళ్లకొకసారి తిరిగి పరీక్ష పెట్టాలి. తప్పు లెక్క చెబితే ఫిర్యాదు చేసేందుకు ఒక చోటు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, లెక్క చెప్పేవాడు ఫ్యాన్లూ పలకలూ అమ్మేవాడు కారాదు. కమీషను తీసుకునేవాడు అసలే కారాదు. వైద్యుడే మందుల అంగడి పెడితే చీటీ ఎంత పొడవు ఉంటుందో మనకు తెలియనిది కాదు.

ఇందుకు డబ్బు ఎక్కడిదని కొందరు అడగవచ్చు. ఉన్నవారు ఇంటికి ఇంత అని రుసుము ఇస్తారు. పేదల ఇళ్లకు విద్యుత్ పంపిణీ సంస్థ భరించాలి. కరెంటు తక్కువ వాడితే సంస్థకు నష్టం కదా అనేవారూ ఉన్నారు. కింది మెట్లలో ఉన్న ఇళ్లకు యూనిట్ కొన్న ధర కంటే తక్కువకే ఇస్తున్నారు. వేసవి సాయంత్రం అందరి కూలర్లూ ఒక్కసారి తిరిగినప్పుడు సంస్థ బయట అధిక ధరకు కొని తేవలసి వస్తుంది. ఆ వేళ మిగిలిన యూనిట్ సంస్థకూ లాభమే. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా టారిఫ్ మీద జరిపే బహిరంగ విచారణలో రైతు సంఘాల వారు, పొదుపు సంఘాల వారు ఈ మాట కూడా ఎత్తితే బాగుంటుంది.

మా తుమ్మలపల్లె నేల కింద నుంచి తీసే యురేనియం దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనమవుతోంది. మా జిల్లాలోనే 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం కట్టారు. పక్కన కర్నూలు సీమలో 1000 మెగావాట్ల సోలారు పార్కు 2017లో వెలిసింది. కరెంటు పుట్టించడంలో ఈ కరువు సీమ ఎవరికీ తీసిపోలేదు. పుట్టించడం నేర్చిన చోట ఖర్చు లెక్క చూడడం నేర్పేవారు లేకపోవడం శోచనీయం.

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల ఉంది. జిల్లాలో పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఉన్నాయి. విద్యుత్ శాఖ వారు, సాంకేతిక విద్యాశాఖ వారు కలిసి కూర్చుని, ముందుగా ఒక్క మండలంలో పాతికమందికి నేర్పి, ఒక వేసవి చూడవచ్చు. ఆ వేసవి ముందరి బిల్లులు, తరువాతి బిల్లులు పక్కపక్కన పెడితే ఎవరూ వాదించనవసరం లేదు. అధికారులు ఈ దిశగా ఆలోచించగలరని ఆశిద్దాం. అంతవరకు సంతలో పచ్చ లైటు పెట్టె ఎవరైనా చూపితే, కొనేముందు మన ఊరి ఐటీఐ పిల్లవాణ్ణి ఒక మాట అడగండి.

— మా గ్రామీణ విలేకరి